మోడల్ నంబర్ చూసి కొను తల్లీ

రాజమహేంద్రవరం,
జూన్ 14.

చిరంజీవి స్రవంతికి,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో "ఏ ఫోన్ కొనమంటావు మామయ్యా" అని అడిగావు. రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు, పైగా మధ్యలో మీ అమ్మ ఫోన్ లాక్కుంది. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నువ్వు పంపిన ఫోటో చూశాను. ఫోన్ బాగుంది, ధర కూడా సబబుగానే ఉంది. పెట్టె మీద 5జీ అని పెద్ద అక్షరాలతో ఉంది. నువ్వు ఇక్కడే ఉండేదానివైతే కొనుక్కో అనేవాణ్ణి. ఆగస్టులో చదువుకి డల్లాస్ వెళ్తున్నావు కాబట్టే ఆగమంటున్నాను. ఆ ఫోన్ అక్కడ వెలుగుతుంది, వైఫై పట్టుకుంటుంది, ఫోటోలు తీస్తుంది. నువ్వు గదిలో తలుపు వేసుకుని కూర్చున్నప్పుడు మాత్రం నెట్‌వర్క్ అందకపోవచ్చు. కొత్త దేశంలో ఒంటరిగా ఉండబోయే పిల్లకి ఫోన్ విషయంలో అంతకంటే పెద్ద లోటు లేదు.

అమ్మమ్మ ఫోన్ సంగతి నీకు గుర్తుందో లేదో. 2016 దసరాకి మీ చిన్న మామయ్య న్యూజెర్సీ నుంచి వస్తూ అమ్మమ్మకి కొత్త ఫోన్ తెచ్చాడు. అప్పటికి వాడికి పాప పుట్టి ఏడు నెలలు. మనవరాల్ని రోజూ వీడియోలో చూసుకుంటుందని వాడి ఆశ. ఊళ్లో సిమ్ వేస్తే మాటలు బాగానే వినిపించాయి. వీడియో మాత్రం రాలేదు. పాప మొహం ఒక పక్క వచ్చి ఆగిపోయేది, రెండో పక్క బూడిదరంగు గళ్లు. తెర పైన సిగ్నల్ గీతలు నిండుగా ఉండేవి, వాటి పక్కన చిన్న 'ఇ' అక్షరం. అమ్మమ్మ డాబా ఎక్కేది, కాలవ గట్టుకి వెళ్లి నిలబడేది. తనకి నొక్కడం రాకే ఇలా అవుతోందని మూడు నెలలపాటు తనను తానే తిట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశాను. నా ఫోన్, ఆమె ఫోన్ ఒకే అరుగు మీద పక్కపక్కన పెట్టాను. కంపెనీ ఒకటే, టవర్ ఒకటే. నా ఫోన్‌లో 4జీ, ఆమె ఫోన్‌లో అదే 'ఇ', అంటే పాత 2జీ. అటక మీద దాచిన పెట్టె దింపి వెనక అంటించిన కాగితం చదివాను. ఆ ఫోన్‌లో 4జీ బ్యాండ్లు 2, 4, 12, 13. 3జీ 850, 1900. అన్నీ అమెరికా లెక్కలే. మా ఊళ్లో ఆ కంపెనీ 4జీ నడుస్తున్నది 1800లో, అంటే బ్యాండ్ 3. 3జీ 2100లో. ఆ రెండూ ఈ ఫోన్‌కి వినపడవు. దాదాపు ప్రపంచమంతా ఉన్న 2జీ ఒక్కటే మిగిలింది కాబట్టి దాన్ని పట్టుకుని వేలాడింది. ఆ ఫోన్‌లో ఏ చెడూ లేదు, టవర్‌లోనూ లేదు. ఒకరి భాష ఒకరికి రాదు, అంతే.

అప్పటికే పదేళ్లుగా టవర్లు కొలుస్తూ తిరిగినవాణ్ణి, మా అమ్మ చేతిలో ఫోన్ పెట్టే ముందు ఆ కాగితం చదవలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. నీ విషయంలో ఇంత పట్టుబడుతున్నది అందుకే.

అసలు బ్యాండ్ అంటే ఏమిటో చెబుతాను. టవర్, ఫోన్ మాట్లాడుకునేది రేడియో తరంగాలతో. ఆకాశవాణి వినాలంటే రేడియో ముల్లు సరిగ్గా ఆ స్టేషన్ మీదికి తిప్పేవాళ్లం చూడు, ఇదీ అంతే. ఏ దేశంలో ఏ పౌనఃపున్యం ఫోన్లకి ఇవ్వాలో ఆ దేశ ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అంతకు ముందు అక్కడ టీవీ వాళ్లు ఉంటారు, సైన్యం ఉంటుంది. వాళ్లు ఖాళీ చేసిన చోట ఫోన్ కంపెనీలు వేలంలో కొనుక్కుంటాయి. ఒక్కో దేశంలో ఒక్కో చోట ఖాళీ అవుతుంది. అమెరికాలో టీవీ ఛానెళ్లు 52 నుంచి 69 వరకూ ఉన్న స్థలమే వాళ్ల 700 మెగాహెర్ట్జ్. 38 నుంచి 51 వరకూ ఛానెళ్లున్న స్థలం 600 అయింది. మన దగ్గర 700ని 2016లో వేలం పెడితే ధర చూసి ఎవరూ ముట్టుకోలేదు. 2021లోనూ అమ్ముడుపోలేదు. 2022 వేలంలో జియో కొంది.

ఈ ముక్కలకే నంబర్లు పెట్టారు. అవే బ్యాండ్లు. బ్యాండ్ 3 అంటే 1800, బ్యాండ్ 8 అంటే 900, బ్యాండ్ 40 అంటే 2300. 5జీ వాటికి ముందు 'ఎన్' చేర్చి ఎన్28, ఎన్78 అంటారు. ఫోన్ లోపల ఒక్కో బ్యాండ్‌కి దాని వడపోత ఉండాలి, దాన్ని పెంచి పంపే భాగం ఉండాలి, యాంటెన్నా కూడా అందుకు తగ్గట్టు ఉండాలి. అవన్నీ డబ్బుతోనూ చోటుతోనూ పని. పాతిక వేల ఫోన్ చేసేవాడు ఇండియాలో అమ్మే ఫోన్‌లో ఇండియాకి కావలసినవే పెడతాడు. అతన్ని తప్పు పట్టడానికి లేదు. మీటరు గేజి బండిని బ్రాడ్‌గేజి పట్టాల మీద నడపాలనుకోవడం మనదే తప్పు.

మన దగ్గర లెక్క ఇలా ఉంటుంది. జియో 4జీ 3, 5, 40 బ్యాండ్లలో నడుస్తుంది. ఎయిర్‌టెల్‌కి 1, 3, 8, 40. బీఎస్ఎన్ఎల్ 4జీకి 1, 28. 5జీకి ముఖ్యమైనది ఎన్78, జియోకి దానితోపాటు ఎన్28 ఉంది. ఇక్కడ కొన్న ఏ ఫోన్‌కైనా వీటిలో చాలావరకు ఉంటాయి, అందుకే మనవాళ్లకి ఈ గొడవ తెలియదు.

అమెరికాలో మూడు పెద్ద కంపెనీలు: టీ-మొబైల్, ఏటీ అండ్ టీ, వెరిజాన్. ముగ్గురికీ ఉమ్మడిగా 2, 4, 66 బ్యాండ్లు ఉన్నాయి. ఇవి ఊళ్లో, రోడ్డు మీద, కాలేజీ ఆవరణలో పనిచేస్తాయి. దూరం వెళ్లి గోడలు దాటేవి వేరు, అవి ఒక్కో కంపెనీకి ఒక్కోటి. టీ-మొబైల్‌కి 71, 12. ఏటీ అండ్ టీకి ముఖ్యంగా 12, వెరిజాన్‌కి 13. 5జీకి టీ-మొబైల్ ఎన్41, ఎన్71 వాడుతుంది. మిగతా ఇద్దరికీ ప్రధానం ఎన్77. నువ్వు పంపిన ఫోన్ జాబితా వెతికి చదివాను. 4జీలో 1, 3, 5, 8, 28, 38, 40, 41. అమెరికా ముగ్గురి బ్యాండ్లతో కలిసేవి 5, 41 రెండే. 2 లేదు, 66 లేదు, 12 లేదు, 13 లేదు, 71 లేదు.

ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్తగా విను. దుకాణంలో కుర్రాడు "700 ఉంది మేడం, అమెరికాలోనూ 700యే" అంటాడు. మన 700 అంటే బ్యాండ్ 28. అందులో ఫోన్ 703 నుంచి 748 మధ్య మాట్లాడుతుంది, టవర్ 758 నుంచి 803 మధ్య బదులిస్తుంది. వెరిజాన్ 13 కూడా 700 కిందికే వస్తుంది. కానీ అందులో 777 నుంచి 787 వరకు మాట్లాడేది ఫోన్. అంటే మన దగ్గర టవర్ మాట్లాడే చోట అక్కడ ఫోన్ మాట్లాడుతుంది, పూర్తిగా తలకిందులు. ఏటీ అండ్ టీ 12 ఇంకో కొలత. పేరు 700 అయినా మూడూ మూడు వేరువేరు తలుపులు. 5జీలోనూ ఇంతే. మన ఎన్78లో అమ్మినది 3300 నుంచి 3670 దాకా, వాళ్ల సి-బ్యాండ్ 3700 దగ్గర మొదలై 3980 దాకా పోతుంది, దాన్ని ఎన్77 అంటారు. 78 ఉన్న ఫోన్‌కి 77 ఉన్నట్టు కాదు. మెగాహెర్ట్జ్ అంకె వినకు, బ్యాండ్ నంబర్ చూడు.

ఇలాంటి పేరు తికమకలో యాపిల్ అంతటి కంపెనీ కూడా కోర్టులో జరిమానా కట్టింది. 2012లో ఆస్ట్రేలియాలో ఐప్యాడ్‌ని 4జీ అని ప్రకటించి అమ్మారు. అందులో ఉన్న 4జీ అమెరికా బ్యాండ్లది. అక్కడి టెల్‌స్ట్రా 4జీ నడుస్తున్నది 1800లో. కొన్నవాళ్లకి 4జీ రాలేదు. 22 లక్షల 50 వేల ఆస్ట్రేలియా డాలర్లు జరిమానా పడింది. పెట్టె మీది మాటకీ, నువ్వు నిలబడ్డ చోట వచ్చే సిగ్నల్‌కీ ఎంత తేడా ఉండగలదో చూశావా.

గోడలు దాటే ఆ కింది బ్యాండ్ల గురించి, అంటే మెగాహెర్ట్జ్ తక్కువున్న వాటి గురించి ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్పాలి. ఉద్యోగంలో ఉన్నప్పుడు మా పని కారు ముందు సీట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, దానికి నాలుగు ఫోన్లు తగిలించి, ఊరూరా తిరుగుతూ సిగ్నల్ బలం రాసుకోవడం. డ్రైవ్ టెస్ట్ అంటాం. సంక్రాంతినాడు ఆ సరంజామా అమ్మమ్మ ఇంట్లోకి పట్టుకెళ్లాను. అరుగు మీద 1800 బలం మైనస్ 88. నడవ దాటి వెనక ధాన్యం కొట్లోకి వెళ్లేసరికి మైనస్ 108. ఇరవై తగ్గిందంటే నూరో వంతు మిగిలిందని లెక్క. అదే టవర్ నుంచి 900 అరుగు మీద మైనస్ 80, కొట్లో మైనస్ 90. ఆ రెండడుగుల మట్టిగోడలు, పెరట్లో కొబ్బరిచెట్లు 900 పొడుగు అలని అంతగా ఆపలేకపోయాయి. 600 మెగాహెర్ట్జ్ అల పొడవు అర మీటరు ఉంటుంది. 3500 దగ్గర అది తొమ్మిది సెంటీమీటర్లకి దిగిపోతుంది. పొట్టి అల ఎక్కువ డేటా మోస్తుంది, వేగం అక్కడే ఉంటుంది, కానీ గోడకి లొంగిపోతుంది. పొడుగు అల నెమ్మది, అయినా ఇంట్లోకి వస్తుంది. 600 కోసమే టీ-మొబైల్ 2017 వేలంలో దాదాపు 800 కోట్ల డాలర్లు పోసింది. నువ్వు డల్లాస్‌లో నలుగురు పిల్లలతో కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుంటావు, అద్దె తక్కువని ఏ కింది అంతస్తు వెనక గదో నీకు వస్తుంది. టెక్సస్ ఎండకి తలుపులు మూసి ఏసీ వేసుకుంటారు. ఆ గదిలోకి వచ్చేది 71, 12, 13. వేగం పరీక్షల్లో కనబడే అంకెల కంటే నాకు ఆ మూడే ముఖ్యం.

మాట్లాడ్డం సంగతి ఇంకా ఉంది. డేటా వస్తే కాల్ కూడా వస్తుందనుకుంటాం. అక్కడ అలా కాదు. ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీ ఆపేసింది. అదే ఏడు టీ-మొబైల్ జూలైలో తన 3జీని, వెరిజాన్ డిసెంబరు ఆఖరికి తన పాత నెట్‌వర్క్‌ని మూసేశాయి. ఇప్పుడు మాట కూడా ఎక్కువగా 4జీ మీదే పోతుంది, దాన్నే వోల్టీ అంటారు. వోల్టీ ఫోన్‌లో ఉంటే చాలదు, ఆ కంపెనీ ఈ ఫోన్‌ని ఒప్పుకోవాలి. ఏటీ అండ్ టీ దగ్గర ఒప్పుకున్న ఫోన్ల జాబితా ఉంది, అందులో లేకపోతే సిమ్ వేసినా పనిచేయనివ్వదు. బ్యాండ్లు కలిసినా ఇదొక గడప. మన దగ్గర 2022 అక్టోబరులో 5జీ మొదలైనప్పుడు ఐఫోన్లలో 5జీకి కావలసిన సామగ్రి అంతా ఉంది, అయినా డిసెంబరులో సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా 5జీ రాలేదు. సామగ్రి వేరు, అనుమతి వేరు.

అక్కడ ఆపద వస్తే నొక్కేది 911. అది పోవాలంటే ఫోన్ నెట్‌వర్క్‌తో సరిగ్గా మాట్లాడాలి. ఆస్ట్రేలియాలో 2024 చివర 3జీ మూసేసినప్పుడు, అక్కడి అత్యవసర నంబర్ 000కి వోల్టీ మీద కాల్ చేయలేని ఫోన్లని కంపెనీలు అసలు నెట్‌వర్క్‌లోకే రానివ్వకూడదని నిబంధన పెట్టారు. ఎవరో చాదస్తంతో పెట్టిన నిబంధన కాదు. నీ గురించి నేనూ అలాగే ఆలోచిస్తున్నాను.

నీ బ్యాంకు ఓటీపీలకి ఇక్కడి సిమ్ కూడా వెంట ఉంచుకుంటావు కదా. అది అక్కడ రోమింగ్‌లో పట్టుకునేది ఆ ముగ్గురిలో ఒకరి టవర్‌నే. ఫోన్‌కి ఆ బ్యాండ్లు లేకపోతే ఇక్కడి సిమ్‌కీ అదే గతి. ఫీజు కట్టే రోజు ఓటీపీ రాక ఏడ్చిన పిల్లల్ని చూశాను.

ఇక ఏం చేయాలంటావా. నా మాట వింటే ఇక్కడ కొత్త ఫోన్ కొనకు. నీ దగ్గరున్న పాత ఫోన్‌తోనే విమానం ఎక్కు. విమానాశ్రయంలో వైఫై ఉంటుంది, గదిలో ఉంటుంది, మొదటి వారం దానితో గడుస్తుంది. నీ సీనియర్లని రెండు ప్రశ్నలు అడుగు: మన అపార్ట్‌మెంట్ లోపల ఏ కంపెనీ బాగా అందుతోంది, కాలేజీ లైబ్రరీలో ఏది అందుతోంది. ఆ తర్వాత ఆ కంపెనీకి సరిపడే ఫోన్ అక్కడే కొనుక్కో. అన్‌లాక్ అయినదే కొను. కంపెనీ వాళ్లు నెలనెలా వాయిదాలకి ఇచ్చే ఫోన్ చాలాసార్లు బాకీ తీరేదాకా వాళ్ల సిమ్‌కే కట్టుబడి ఉంటుంది. సెలవులకి ఇంటికొస్తే మన సిమ్ పట్టదు. లాక్ వేరు, బ్యాండ్ వేరు. మనవాళ్లు ఈ రెండూ కలిపేసి "అన్‌లాక్ ఫోన్ కదా, ఎక్కడైనా పనిచేస్తుంది" అంటారు. అన్‌లాక్ అంటే గొలుసు విప్పారని మాత్రమే.

మీ నాన్న ఇక్కడే కొనిస్తానని పట్టుబడితే ఖరీదైనవాటిలోనే వెతకాలి. ఐఫోన్‌లో, శాంసంగ్ ఎస్ శ్రేణిలో బ్యాండ్లు చాలా ఎక్కువ ఉంటాయి. వాటిలోనూ ఒకే పేరు మీద దేశానికో రకం ఉంటుంది. శాంసంగ్ ఎస్24 ఇక్కడ కొంటే మోడల్ నంబర్ చివర 'బి', అమెరికాలో కొంటే 'యు' గానీ 'యు1' గానీ. ఒకదానిలో ఉన్న బ్యాండ్ రెండోదానిలో ఉండకపోవచ్చు, ముఖ్యంగా 71 చూడు. మోడల్ నంబర్ కనుక్కోవడం కష్టం కాదు. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లో ఉంటుంది, పెట్టె వెనక కూడా ఉంటుంది. దాన్ని తయారుచేసిన కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో కొడితే బ్యాండ్ల జాబితా వస్తుంది. దుకాణం వాడి జాబితా నమ్మకు, పేరు ఒకటే కనక వాడు ఇంకో దేశం ఫోన్ జాబితా తెచ్చి పెడతాడు.

అక్కడికెళ్లాక ఏ బ్యాండ్ మీద ఉన్నావో చూసుకోవాలంటే ఐఫోన్‌లో డయల్ చేసే చోట *3001#12345#* కొట్టు. చాలా శాంసంగుల్లో *#0011#. అంకెలు కొత్తగా ఉంటాయి, భయపడకు. బ్యాండ్ అన్నచోట 71 గానీ 12 గానీ 13 గానీ ఉంటే గది లోపలికి వచ్చే దారి తెరిచి ఉన్నట్టే. ఆ తెర ఫోటో నాకు పంపు, చదివి చెబుతాను.

నాకు తెలుసు, మొదటి జీతం రాగానే మీ అమ్మకి అక్కణ్ణుంచి ఐఫోన్ తెస్తావు. తేవాలి కూడా. అయితే 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మేవాటికి సిమ్ పెట్టే అర ఉండదు, ఇ-సిమ్ ఒక్కటే. బ్యాండ్లకేం, మన జియో, ఎయిర్‌టెల్ మీద చక్కగా పనిచేస్తాయి. కానీ ఒకరోజు ఫోన్ కిందపడి తెర పగిలిందనుకో, మీ అమ్మ సిమ్ తీసి పాత ఫోన్‌లో వేసుకోలేదు. మెసేజ్‌లు, కోడ్‌లు, దుకాణం చుట్టూ తిరగడం. మీ నాన్న డ్యూటీలో ఉంటే ఆ పూట ఎవరు చేస్తారు? ఆమెకి ఫోన్ కొనాలనిపిస్తే డబ్బు పంపు, నేను ఇక్కడే కొనిపెడతాను.

మీ నాన్నకి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఫోన్‌కి ముందే డబ్బు కట్టేశాడేమోనని నా అనుమానం. కట్టి ఉంటే పెట్టె చింపొద్దను, సీల్ ఉంటే వెనక్కి తీసుకుంటారు. కట్టకపోతే ఆదివారం దాకా ఆగమను, ఆరోజు నేనే వస్తున్నాను. నీ పాత ఫోన్ అమ్మేస్తానని అన్నావట, అమ్మొద్దు. దాని మోడల్ నంబర్ కూడా రాసి ఉంచు, దానికి 2, 4 ఉన్నాయేమో చూద్దాం. ఉంటే మొదటి నెల దానితోనే గడిచిపోవచ్చు.

అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

ఆశీస్సులతో,
మామయ్య